కెపాసిటర్ కెపాసిటర్‌గా ఎంతవరకు ఉంటుంది? ఆర్‌ఎఫ్ విడిభాగాల మీద తరచూ తలెత్తే ప్రశ్నలు

ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) బోర్డు మీద పని మొదలుపెట్టిన ఇంజనీరుకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. లెక్క సరిగ్గానే ఉంది, విడిభాగాలు సరైనవే కొన్నారు, టంకం శుభ్రంగా ఉంది, అయినా బోర్డు ఎందుకు చెప్పినట్టు వినదు? ఈ ప్రశ్న కెపాసిటర్ గురించి వచ్చినా, కేబుల్ గురించి వచ్చినా, కనెక్టర్ గురించి వచ్చినా కారణం చాలాసార్లు ఒకేచోట దొరుకుతుంది. విడిభాగం మీద రాసి ఉన్న విలువను మాత్రమే లెక్కలోకి తీసుకుని, దాని పొడవును, అది కూర్చున్న చోటును లెక్కలోంచి వదిలేయడమే ఆ కారణం.

పొడవు ఎందుకు ముఖ్యమో చూడాలంటే తరంగదైర్ఘ్యంతో పోల్చాలి. ఇంటికి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు తరంగదైర్ఘ్యం 6000 కిలోమీటర్లు. అందువల్ల గోడలోని పది మీటర్ల తీగ ఈ చివరా ఆ చివరా ఒకే క్షణంలో ఒకే వోల్టేజీ ఉంటుందని అనుకున్నా తప్పు రాదు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర అది 3 మీటర్లకు, వైఫై, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో 12.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. మామూలు ఎఫ్‌ఆర్‌4 (గాజునార, ఎపాక్సీ) బోర్డు మీద రాగి గీతలో ప్రయాణించేటప్పుడు అది ఇంకా కుదించుకుని సుమారు 7 సెంటీమీటర్లు అవుతుంది. అంటే అందులో నాలుగో వంతు సుమారు 1.7 సెంటీమీటర్లు, చిటికెన వేలు గోరు కంటే కాస్త ఎక్కువ. ఆ పొడవున్న గీత చివరను గ్రౌండ్‌కు షార్ట్ చేస్తే, ఇవతలి చివర నుంచి చూసే సిగ్నల్‌కు అది షార్ట్‌గా కాకుండా తెగిపోయిన తీగలా కనిపిస్తుంది. మల్టీమీటర్ సున్నా ఓములు చూపించే గీత 2.4 గిగాహెర్ట్జ్‌కు ఓపెన్ సర్క్యూట్ కావడం మొదటిసారి చూసినవారికి నమ్మశక్యంగా ఉండదు, కానీ ఆర్‌ఎఫ్ డిజైన్‌లో సగం ఉపాయాలు దీని మీదే నడుస్తాయి.

ఇక కెపాసిటర్ విషయానికి వస్తే, దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే ఎక్కువ బోర్డులు తప్పేది ఇక్కడే. యాంప్లిఫయర్ చిప్ సప్లై పిన్ పక్కన, అక్కడి ఆర్‌ఎఫ్ సిగ్నల్‌ను గ్రౌండ్‌కు దించడానికి, 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టడం చాలామందికి చేతికి అలవాటైపోయిన పని. 0402 అనే చిన్న సైజు కెపాసిటర్‌కు ఎవరూ అడగకపోయినా దాని ఒంటి పొడవు వల్ల సుమారు 0.6 నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుందని అనుకుందాం. ఆ ఇండక్టెన్సూ 100 నానోఫారడ్లూ కలిసి దాదాపు 20 మెగాహెర్ట్జ్ దగ్గర అనునాదంలోకి (రెజొనెన్స్) వస్తాయి. అక్కడ కెపాసిటర్ ఇంపెడెన్స్, అంటే ఆ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌కు అది చూపే అడ్డంకి, కనిష్ఠం. ఆ పైన ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంపెడెన్స్ కూడా పెరుగుతుంది, అంటే అది ఇక ఇండక్టర్‌లా ప్రవర్తిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర దాని ఇంపెడెన్స్ సుమారు 9 ఓములు. అదే సైజులో 8.2 పీకోఫారడ్ కెపాసిటర్ తీసుకుంటే దాని అనునాదం 2.3 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో పడుతుంది, 2.4 దగ్గర ఇంపెడెన్స్ ఒక ఓముకు అటూ ఇటూ ఉంటుంది. విలువ పన్నెండు వేల రెట్లు తక్కువైన కెపాసిటర్ తొమ్మిది రెట్లు బాగా గ్రౌండ్ చేస్తోందన్నమాట. డేటాషీట్‌లో తయారీదారు 8.2 లేదా 10 పీకోఫారడ్లు ప్రత్యేకంగా సూచించినప్పుడు, స్టాకులో లేదని అక్కడ 100 నానోఫారడ్లది పెట్టి సరిపెట్టుకోకూడదు అనడానికి ఈ ఒక్క లెక్క చాలు.

అయితే 8.2 పీకోఫారడ్లు పెట్టగానే పని అయిపోయిందనుకోవడం కూడా తొందరపాటే. ఆ కెపాసిటర్ రెండో కాలు గ్రౌండ్ ప్లేన్‌కు, అంటే గ్రౌండ్‌గా పరిచిన రాగి పొరకు, చేరాలి. 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పొరల బోర్డులో ఆ ప్రయాణం ఒక వయా (పొరలను కలిపే రాగిపూత రంధ్రం) గుండా జరుగుతుంది, ఆ వయాకు సుమారు ఒక నానోహెన్రీ ఉంటుంది. మొత్తం ఇండక్టెన్స్ 0.6 నుంచి 1.6 నానోహెన్రీలకు చేరుతుంది, అనునాదం 2.3 నుంచి 1.4 గిగాహెర్ట్జ్‌కు జారుతుంది, 2.4 దగ్గర ఒక ఓము ఉండాల్సిన ఇంపెడెన్స్ 16 ఓములు అవుతుంది. కంటికి సూదిబెజ్జంలా కనిపించే ఆ రంధ్రం, జాగ్రత్తగా ఎంచిన కెపాసిటర్ విలువను మింగేసింది. ఒక వయా బదులు ప్యాడ్‌ను ఆనుకుని రెండు మూడు వయాలు వేయడం, లేదా నాలుగు పొరల బోర్డు తీసుకుని పై పొరకు 0.2 మిల్లీమీటర్ల కిందనే గ్రౌండ్ ప్లేన్ పెట్టడం దీనికి మందు. బోర్డు ఖరీదు పెరుగుతుందని నాలుగు పొరలకు వెనకాడేవారు, రెండు పొరల బోర్డును మూడుసార్లు తిప్పి చేయించడానికి అయ్యే ఖర్చును కూడా పక్కన రాసుకుని చూడాలి.

ఇక్కడే మరో ప్రశ్న వస్తుంది. 100 నానోఫారడ్లదీ 100 పీకోఫారడ్లదీ పక్కపక్కన పెడితే రెండింటి మంచీ దొరుకుతుంది కదా? చాలావరకు దొరుకుతుంది, కానీ మధ్యలో ఒక గొయ్యి ఉంది. 20 మెగాహెర్ట్జ్ దాటాక పెద్దది ఇండక్టర్ అయిపోతుంది, చిన్నది మాత్రం 650 మెగాహెర్ట్జ్ వరకు కెపాసిటర్‌గానే ఉంటుంది. ఒక ఇండక్టర్, ఒక కెపాసిటర్ సమాంతరంగా ఉంటే అవి ట్యాంక్ సర్క్యూట్ అవుతాయి. పై విలువలతో 460 మెగాహెర్ట్జ్ దగ్గర రెండూ కలిసి ఇంపెడెన్స్‌ను తగ్గించే బదులు ఒక్కసారిగా పెంచేస్తాయి. ఆ ఫ్రీక్వెన్సీలో యాంప్లిఫయర్‌కు గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) ఉంటే అది ఆసిలేట్ కావడానికి, అంటే తనంతట తానే సిగ్నల్ పుట్టించడానికి, దారి దొరికినట్టే. పెద్ద కెపాసిటర్‌తో వరుసలో కొద్ది ఓముల రెసిస్టర్ పెట్టి ఆ శిఖరాన్ని అణచడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది.

కెపాసిటర్ లోపలి పదార్థం గురించి అడిగేవారు తక్కువ, కానీ అడగాల్సిందే. ఎక్స్‌7ఆర్ రకం సిరామిక్ మైనస్ 55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య విలువలో అటూ ఇటూ 15 శాతం వరకు మారవచ్చు, పైగా దాని మీద డీసీ వోల్టేజీ పడితే విలువ ఇంకా తగ్గుతుంది. సీ0జీ రకం డిగ్రీకి పది లక్షల్లో 30 వంతులకు మించి కదలదు. సప్లై లైన్ మీద ఎక్స్‌7ఆర్ వాడితే నష్టం లేదు. ఫిల్టర్‌లో వాడితే మాత్రం, కెపాసిటెన్స్ 10 శాతం తగ్గినప్పుడు ఫ్రీక్వెన్సీ సుమారు 5 శాతం పైకి జరుగుతుంది కాబట్టి, 866 మెగాహెర్ట్జ్ ఫిల్టర్ 43 మెగాహెర్ట్జ్ పక్కకు పోతుంది. మే నెలలో రామగుండంలో డాబా మీద బిగించిన ఇనుప డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో తెలిసినవారు, ఏసీ గదిలోని బల్ల మీద తీసిన కొలతను నమ్మి ఎక్స్‌7ఆర్‌తో ఫిల్టర్ కట్టరు.

ఇండక్టర్ కథ ఇదే కథకు అద్దంలోని ప్రతిబింబం. దాని చుట్ల మధ్య కెపాసిటెన్స్ ఉంటుంది, అనునాదం దాటాక అది కెపాసిటర్ అవుతుంది. బయాస్ చోక్‌గా (డీసీని వదిలి ఆర్‌ఎఫ్‌ను ఆపడానికి) వాడేటప్పుడు అనునాదానికి దగ్గరగా వాడటమే మేలు, అక్కడే ఇంపెడెన్స్ అత్యధికం. ఫిల్టర్‌లో, మ్యాచింగ్‌లో (రెండు భాగాల ఇంపెడెన్స్‌లను కుదర్చడంలో) వాడేటప్పుడు మాత్రం దానికి చాలా దిగువనే ఉండాలి, లేకపోతే మీద రాసిన నానోహెన్రీలకూ పనిచేసే నానోహెన్రీలకూ పొంతన ఉండదు.

విద్యార్థుల నుంచి అనుభవజ్ఞుల వరకు అందరూ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్న, ఆర్‌ఎఫ్ కేబుళ్లు, పరికరాల ఇంపెడెన్స్‌గా కనిపించే 50 ఓములది. ఆ సంఖ్య ఎక్కడిది? లోపల గాలి ఉన్న కోయాక్సియల్ కేబుల్‌లో నష్టం అన్నిటికంటే తక్కువగా ఉండేది సుమారు 77 ఓముల దగ్గర. అదే కేబుల్ అత్యధిక పవర్‌ను మోయగలిగేది 30 ఓముల దగ్గర. ఈ రెండింటి నడుమ కుదిరిన రాజీగా 50 ఓముల ప్రమాణాన్ని వివరిస్తారు. పవర్ అవసరం లేక, నష్టం తక్కువగా ఉండటమే కావలసిన టీవీ కేబుళ్లు 75 ఓములతో స్థిరపడ్డాయి. అంటే ప్రకృతిలో 50కి ప్రత్యేకమైన పవిత్రత ఏదీ లేదు. కొలిచే పరికరాలు, కేబుళ్లు, కనెక్టర్లు, చిప్‌లు అన్నీ ఆ ఒక్క సంఖ్య మీద మాట కలుపుకున్నాయి కాబట్టి ఒకదానికొకటి అతుకుతున్నాయి.

మరి ఇంట్లో మిగిలిన 75 ఓముల టీవీ కేబుల్‌ను 50 ఓముల యాంటెన్నాకు వాడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో భయం పాలు ఎక్కువ. లెక్క వేస్తే ఒక్కో అతుకు దగ్గర వెనక్కి తిరిగే వోల్టేజీ ఐదో వంతు, పవర్‌లో చెప్పాలంటే 4 శాతం, అంటే 0.18 డెసిబెల్ నష్టం. రిసీవర్‌కు ఇది లెక్కలోకి వచ్చేది కాదు. నాణ్యమైన 75 ఓముల కేబుల్, నాసిరకం సన్నటి 50 ఓముల కేబుల్ కంటే మొత్తం మీద మంచి ఫలితం ఇచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి. ఇబ్బంది వచ్చేది ట్రాన్స్‌మిటర్ వైపు, ఫిల్టర్ల వైపు, కచ్చితమైన కొలత వైపు. రెండు చివర్లా తిరిగే తరంగాలు కేబుల్ పొడవును బట్టి ఒకచోట కలుస్తూ ఒకచోట కొట్టుకుంటూ ఫ్రీక్వెన్సీ స్పందనలో అలలు పుట్టిస్తాయి. అలాంటిచోట మధ్యలో 3 డెసిబెళ్ల అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే రెసిస్టర్ల అమరిక) పెడితే, తిరిగి వచ్చే తరంగం దాన్ని రెండుసార్లు దాటాలి కాబట్టి రిటర్న్ లాస్ (వెళ్లిన తరంగం కంటే తిరిగి వచ్చేది ఎంత తక్కువో చెప్పే కొలత) 6 డెసిబెళ్లు మెరుగవుతుంది. దాని రెసిస్టర్లు సుమారు 292, 17.6, 292 ఓములు. సిగ్నల్‌లో సగం పోగొట్టుకుని సర్క్యూట్‌ను దారిలో పెట్టడం వినడానికి వింతగా ఉన్నా, గెయిన్‌కు కొదవలేని చోట ఇంతకంటే చవకైన పరిష్కారం లేదు.

బలహీన సిగ్నల్‌కు తక్కువ నాయిస్ కలుపుతూ పెంచే లో నాయిస్ యాంప్లిఫయర్‌ను రిసీవర్ దగ్గర పెట్టాలా, యాంటెన్నా దగ్గర పెట్టాలా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి 1944లో హరాల్డ్ ఫ్రీస్ ప్రచురించిన సూత్రం ఆధారం. వరుసగా ఉన్న దశల్లో మొదటి దశ నాయిస్ పూర్తిగా లెక్కకు వస్తుంది, తర్వాతి దశల నాయిస్ వాటి ముందున్న గెయిన్‌తో భాగించబడుతుంది. 20 డెసిబెళ్ల గెయిన్, ఒక డెసిబెల్ నాయిస్ ఫిగర్ (తాను కలిపే నాయిస్‌కు కొలత) ఉన్న యాంప్లిఫయర్, 3 డెసిబెళ్ల నష్టం ఉన్న కేబుల్ తీసుకుందాం. యాంప్లిఫయర్ ముందు, కేబుల్ తర్వాత అయితే మొత్తం నాయిస్ ఫిగర్ 1.03 డెసిబెళ్లు. కేబుల్ ముందు, యాంప్లిఫయర్ తర్వాత అయితే సరిగ్గా 4 డెసిబెళ్లు. వస్తువులు అవే, ఖర్చు అదే, వరుస మాత్రమే మారింది. కేబుల్‌లో ఒకసారి పోయిన సిగ్నల్‌ను తర్వాత ఎంత పెద్ద యాంప్లిఫయర్ పెట్టినా తిరిగి తేలేము, ఎందుకంటే ఆ యాంప్లిఫయర్ నాయిస్‌ను కూడా అంతే పెంచుతుంది.

అయితే ఈ సూత్రాన్ని ఫ్రీక్వెన్సీ చూడకుండా అన్నిచోట్లా వాడటం కూడా పొరపాటే, దీనికి మంచి ఉదాహరణ తిరుపతి దగ్గర గాదంకిలోనే ఉంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో వాతావరణ పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ దగ్గర 1024 యాగీ యాంటెన్నాలతో పనిచేస్తుంది. అక్కడ తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు. ఆ ఫ్రీక్వెన్సీలో పాలపుంత నుంచి వచ్చే రేడియో నాయిస్ వేల కెల్విన్ల ఉష్ణోగ్రతకు సమానం. దాన్ని 5000 కెల్విన్లు అనుకుంటే, 1.03 డెసిబెళ్ల రిసీవర్ దానికి కలిపేది 78 కెల్విన్లు, 4 డెసిబెళ్ల రిసీవర్ కలిపేది 438. మొత్తం మీద తేడా 0.3 డెసిబెల్ మాత్రమే. అదే జీపీఎస్ వాడే 1575 మెగాహెర్ట్జ్ దగ్గర, యాంటెన్నాకు అందే నాయిస్‌ను 100 కెల్విన్లు అనుకుంటే, అవే రెండు రిసీవర్ల మధ్య తేడా 4.8 డెసిబెళ్లు. నేలకు చేరేసరికి సుమారు మైనస్ 130 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెళ్లు) ఉండే జీపీఎస్ సిగ్నల్‌కు అది ఉపగ్రహం దొరకడానికీ దొరకకపోవడానికీ మధ్య ఉన్న తేడా కావచ్చు. జీపీఎస్ యాంటెన్నా డబ్బాలోనే చిన్న యాంప్లిఫయర్ ఎందుకు ఉంటుందో, ఎఫ్‌ఎం రేడియోకు దాని అవసరం ఎందుకు అంతగా రాదో దీన్నిబట్టి అర్థమవుతుంది. గాదంకి రాడార్ మొదట 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లతో నడిచి, తర్వాతి రూపంలో యాంటెన్నాకు ఒకటి చొప్పున సాలిడ్ స్టేట్ మాడ్యూళ్లకు మారింది. ఈ మార్పులోని లాభం రిసీవర్ నాయిస్‌లో కంటే, దారిలో పోయే ట్రాన్స్‌మిట్ పవర్ మిగలడంలోనూ, ప్రతి యాంటెన్నా ఫేజ్‌ను విడిగా తిప్పి కిరణాన్ని కోరిన వైపు మళ్లించగలగడంలోనూ ఎక్కువగా కనిపిస్తుంది.

గెయిన్ ఎక్కువైతే నష్టమేముంది అన్న ప్రశ్నను కూడా ఇక్కడే చూడవచ్చు. 93.5, 98.3 మెగాహెర్ట్జ్ స్టేషన్లు రెండూ గట్టిగా అందే నగరం మధ్యలో, ఎక్కువ గెయిన్ ఉన్న యాంప్లిఫయర్ వాటిని సహించలేక 88.7 దగ్గరా, 103.1 దగ్గరా లేని స్టేషన్లను పుట్టిస్తుంది. ఒకదాని రెట్టింపులోంచి మరోదాన్ని తీసేస్తే వచ్చే ఫ్రీక్వెన్సీలివి. లోపలికి వచ్చే సిగ్నళ్లు ఒక డెసిబెల్ పెరిగితే ఈ దొంగ సిగ్నళ్లు మూడు డెసిబెళ్లు పెరుగుతాయి. కాబట్టి యాంప్లిఫయర్ ముందు అటెన్యుయేటర్ పెట్టి చూడటం మంచి పరీక్ష. ఒక డెసిబెల్ తగ్గిస్తే ఒక డెసిబెల్ తగ్గినది అసలు స్టేషన్, మూడు తగ్గినది లోపల పుట్టినది.

బోర్డు పదార్థం గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల గీతలకు ఎఫ్‌ఆర్‌4 సరిపోతుంది. దాని డైఎలెక్ట్రిక్ నష్టం సుమారు 0.02, పర్మిటివిటీ (తరంగాన్ని నెమ్మదింపజేసే గుణం) తయారీని బట్టి 4.2 నుంచి 4.6 దాకా మారుతుంది కాబట్టి, పొడవైన గీతలకూ ఇరుకైన ఫిల్టర్లకూ 10 గిగాహెర్ట్జ్ పనికీ నష్టం ఐదో వంతు ఉండే ఆర్‌ఎఫ్ లామినేట్లు అవసరమవుతాయి. 1 గిగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైపొరలో సుమారు 2 మైక్రాన్ల లోతులోనే ప్రవహిస్తుంది కాబట్టి, మందమైన రాగి కంటే నునుపైన రాగికే అక్కడ విలువ ఎక్కువ.

విడిభాగాలు తెప్పించుకునే దగ్గర జరిగే పొరపాట్లకు కనెక్టర్ పెద్దదిక్కు. వైఫై రౌటర్ల మీద ఉండే రివర్స్ పొలారిటీ ఎస్‌ఎంఏ (మర బిగించే చిన్న కోయాక్సియల్ కనెక్టర్), ప్రయోగశాలలో వాడే మామూలు ఎస్‌ఎంఏ బయటకు ఒక్కలాగే ఉంటాయి, మరలు కూడా చక్కగా ఎక్కుతాయి. కానీ ఒకదానిలో మధ్య సూది ఉండాల్సిన చోట రెండోదానిలో రంధ్రం ఉంటుంది. రంధ్రమూ రంధ్రమూ ఎదురుపడితే ఎంత గట్టిగా బిగించినా మధ్య తీగ కలవదు, సూదీ సూదీ ఎదురుపడితే రెండూ వంగుతాయి. అలాగే ఎన్ రకం కనెక్టర్‌లో 50 ఓముల సూది 75 ఓములదాని కంటే లావు. దాన్ని 75 ఓముల సాకెట్‌లోకి తోస్తే సాకెట్ వేళ్లు విచ్చుకుని శాశ్వతంగా పాడవుతాయి. బీఎన్‌సీలో ఈ ప్రమాదం లేదు. బిగింపు సంగతి కూడా చాలామంది చేతి అంచనాకు వదిలేస్తారు. ఇత్తడి ఎస్‌ఎంఏకు సుమారు 0.56 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి, అది వేళ్లతో వచ్చేది కాదు, పటకారుతో ఆగేదీ కాదు. టార్క్ స్పానర్ ఒకటి బల్ల మీద ఉంటే, నిన్నటి కొలతకూ ఇవాళ్టి కొలతకూ తేడా ఎందుకొచ్చిందో వెతికే రోజులు చాలా మిగులుతాయి. యాంటెన్నా కొనేటప్పుడు కూడా ఫ్రీక్వెన్సీ చూసుకోవాలి. భారత్‌లో లైసెన్సు లేకుండా వాడుకోగల పట్టీ 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, కానీ అమెరికా కోసం చేసిన 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు, యాంటెన్నాలు ఇక్కడి దుకాణాల్లోనూ దొరుకుతాయి. ఆ యాంటెన్నా 866 దగ్గర 5 శాతం పక్కకు తప్పి ఉంటుంది, ఇరుకైన చిప్ యాంటెన్నాకు ఆ 5 శాతమే చాలా ఎక్కువ.

చివరి ప్రశ్న కొలతది. చవకైన నానోవీఎన్‌ఏలు (ఇంపెడెన్స్ కొలిచే చిన్న పరికరాలు) వచ్చాక యాంటెన్నా ఇంపెడెన్స్‌ను ఎవరైనా కొలవగలుగుతున్నారు, ఇది నిజంగా సంతోషించదగ్గ మార్పు. కానీ కేబుల్ చివర క్యాలిబ్రేషన్ చేసి, దానికి మూడు సెంటీమీటర్ల టెఫ్లాన్ పిగ్‌టెయిల్ (పొట్టి కేబుల్ ముక్క) టంకం పెట్టి, వచ్చిన ఇంపెడెన్స్‌తో నేరుగా మ్యాచింగ్ విలువలు లెక్కగడితే అవి పనిచేయవు. ఆ పిగ్‌టెయిల్‌లో 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 8.7 సెంటీమీటర్లు. తరంగం మూడు సెంటీమీటర్లు వెళ్లి మూడు సెంటీమీటర్లు తిరిగి రావడంతో ఇంపెడెన్స్‌ను బిందువుగా చూపే గుండ్రటి పటమైన స్మిత్ చార్ట్ మీద ఆ బిందువు దాదాపు 250 డిగ్రీలు తిరిగిపోతుంది. రిటర్న్ లాస్ సంఖ్య సరిగ్గానే కనిపిస్తుంది, అందుకే తప్పు బయటపడదు. కానీ ఇండక్టివ్‌గా ఉన్న యాంటెన్నా కెపాసిటివ్‌గా కనిపించి, ఇండక్టర్ పెట్టాల్సిన చోట కెపాసిటర్ పెట్టిస్తుంది. దీనికి విరుగుడు, యాంటెన్నాను అతికించక ముందే పిగ్‌టెయిల్‌ను బోర్డు మీద దాని చోట టంకం పెట్టి, చివరను ఖాళీగా వదిలి, పరికరంలోని ఎలక్ట్రికల్ డిలే అమరికను పెంచుతూ పోవడం. చార్ట్ అంచు చుట్టూ పరుచుకున్న చాపం ముడుచుకుంటూ వచ్చి కుడి కొనలో ఒక్క చుక్కగా నిలిచినప్పుడు, కొలత తలం పిగ్‌టెయిల్ చివరకు వచ్చి చేరినట్టు. ఆ తర్వాత యాంటెన్నాను అతికించి చదివిన ఇంపెడెన్స్‌తోనే మ్యాచింగ్ లెక్క మొదలుపెట్టాలి.